పాత ప్రాసెసర్ – కొత్త ఆట

ఉద్దేశం: నిత్యజీవితంలో ఎదురయ్యే ఒక సాంకేతిక సమస్యను తర్కబద్ధంగా పరిశీలించి నిర్ణయానికి వచ్చే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం, శాస్త్ర విషయాలను తెలుగులో వివరించే నేర్పును పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

కొత్త వస్తువును కొనడం కన్న, ఉన్న వస్తువును ఎప్పుడు మార్చాలో నిర్ణయించడం కష్టతరమైన పని. కొనేవానికి అవసరం స్పష్టంగా తెలుస్తుంది. మార్చదలచినవాని ఎదుట మాత్రం ఇంకా పనిచేస్తున్న వస్తువు ఉంటుంది. అది పాడైందని చెప్పడానికి వీలుండదు, చాలునని చెప్పడానికి మనసు ఒప్పదు.

నా మేనల్లుడు గుడివాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వారి స్వగ్రామం దివిసీమలో కోడూరు ప్రాంతం. మొన్న సెలవులకు బందరులోని మా ఇంటికి వస్తూ తన కంప్యూటరును కూడా వెంట తెచ్చుకున్నాడు. అది వాని అన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో ముచ్చటపడి కొన్నది. విదేశానికి వెళ్తూ తమ్మునికి ఇచ్చాడు. అందులోని ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ7-4790కె. 2014లో విడుదలైన నాడు ఆటల ప్రియులు కోరుకున్న మేటి ప్రాసెసర్లలో అది ఒకటి. నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు, 4.4 గిగాహెర్ట్జ్ వరకు వేగం దాని లక్షణాలు.

"మామయ్యా, కొత్త ఆటలు తడబడుతున్నాయి. ప్రాసెసర్ మార్చాలి. నాన్నగారికి మీరొక మాట చెప్పండి" అని వాడు నన్ను అడిగాడు. విజయవాడలో ఒక దుకాణదారు రాసిచ్చిన చీటీని చూపాడు. మొత్తం నలభై రెండు వేల రూపాయలు! మా బావగారు నాలుగెకరాల శివారు భూమిని కౌలుకు సాగుచేస్తారు. సార్వా పంట అమ్మగా మిగిలిన డబ్బును కుమారుని చివరి సంవత్సరం ఫీజుకని దాచి ఉంచారు. నేను పరిశోధన చేసినది ప్రబంధ సాహిత్యంలో. అయినా అడిగినవాడు మేనల్లుడు, ఖర్చయ్యేది అక్కయ్య ఇంటి డబ్బు. "ఒరేయ్, మూడు రోజులు గడువియ్యి" అన్నాను.

ముందుగా ఒక సందేహం. ప్రాసెసర్ ఒక్కటి మార్చడానికి అంత మొత్తం దేనికి? ప్రాసెసరును అమర్చే సాకెట్ తరానికొక తీరుగా మారుతుంది. 4790కె కూర్చునే ఎల్‌జీఏ 1150 సాకెట్‌లో నేటి ప్రాసెసర్ ఏదీ ఇమడదు. కనుక మదర్‌బోర్డు మార్చాలి. దాని వెంట డీడీఆర్3 ర్యామ్ కూడా పనికిరాకుండా పోతుంది. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు విపరీతంగా పెరగడం దీనికి తోడయింది. పెళ్లికూతురి వెంట బంధువర్గమంతా తరలివచ్చినట్లు ఒక్క మార్పు మూడు మార్పులను తెచ్చింది.

ఇక ఇంత పాత ప్రాసెసర్ ఇన్నాళ్లు ఎలా నిలిచిందన్నది తెలుసుకోదగిన విషయం. ఒక చిప్పుపై అమర్చే భాగాల సంఖ్య క్రమంగా రెట్టింపవుతూ పోతుందని గోర్డన్ మూర్ 1965లో ఊహించాడు. సంఖ్య పెరిగింది గాని, గడియారపు వేగం అదే తీరున పెరగలేదు. 2004లోనే పెంటియం 4 ప్రాసెసర్ 3.8 గిగాహెర్ట్జ్ అందుకుంది. పదేళ్ల తరువాత వచ్చిన 4790కె మూలవేగం 4.0 మాత్రమే. వేగం పెంచితే వేడిమి పెరుగుతుంది, ఆ వేడిమిని తట్టుకొనడం దుస్సాధ్యం. అందుచేత తయారీదారులు కోర్ల సంఖ్యను పెంచే మార్గం పట్టారు. రెండవ కారణం ఆటలను నిర్మించేవారి దృష్టి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రాసెసర్ బలహీనమైనది. దానిపై నడవవలసిన ఆటలకు 4790కె వంటిది అవసరానికి మించినదే అయింది. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5 బలమైన ఎనిమిది కోర్లతో రావడంతో ఆటల కొలమానం మారింది. మా వాని కష్టాలకు మూలం అక్కడ ఉంది.

అయితే తడబాటుకు ప్రాసెసరే కారణమని నిశ్చయించడం ఎలా? ఇక్కడ దివిసీమ రైతుకు తెలిసిన న్యాయమే ఆధారం. ప్రకాశం బ్యారేజీ వద్ద వదిలిన నీరు కాలువలు దాటి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు చేరాలి. నడుమ ఒక చోట గుర్రపుడెక్క అడ్డుపడితే, పైన ఎన్ని తూములు ఎత్తినా శివారు పొలానికి అందేది ఆ ఇరుకు దాటిన నీరే. కంప్యూటర్ ఆట కూడా ఇటువంటిదే. ప్రతి దృశ్యానికి ముందు ప్రాసెసర్ లెక్కలు వేస్తుంది, తరువాత గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. ఒకటి గీస్తుండగా మరొకటి తరువాతి దృశ్యానికి లెక్క వేస్తుంది. కనుక రెండింటిలో నెమ్మదిగా నడిచేదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. ప్రాసెసరుకు 12 మిల్లీసెకన్లు, కార్డుకు 25 మిల్లీసెకన్లు పడితే సెకనుకు 40 ఫ్రేములు వస్తాయి. అప్పుడు ప్రాసెసర్ వేగాన్ని రెట్టింపు చేసినా ఆ 40 మారదు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే రెండూ తమ పనిని 16.7 మిల్లీసెకన్లలోపు ముగించాలి.

ఇరుకు ఎక్కడ ఉందో తెలుసుకొనే పరీక్ష మిక్కిలి సులభం, ఖర్చులేనిది. ఆటలో చిత్ర పరిమాణాన్ని 1920×1080 నుండి 1280×720కు తగ్గించాలి. గీయవలసిన బిందువులు సగానికన్న తగ్గుతాయి కనుక కార్డుకు శ్రమ తగ్గుతుంది, ప్రాసెసర్ శ్రమ దాదాపు మారదు. ఫ్రేములు బాగా పెరిగితే ఇరుకు కార్డులో ఉన్నట్లు. పెరగకపోతే ప్రాసెసరులోనో, ర్యామ్‌లోనో ఉన్నట్లు.

మా వాడు పరీక్షించి కాగితంపై రాసుకున్నాడు. 2015లో కంప్యూటరుకు వచ్చిన జీటీఏ 5లో 58 ఫ్రేములు 90కి పెరిగాయి. ఇటీవలి ఆట ఒకదానిలో 41 కాస్తా 42 అయింది. వాడు ఆడే ఆరు ఆటలలో నాలుగు మొదటి కోవకు, రెండు రెండవ కోవకు చెందాయి.

"కాని మామయ్యా, ప్రాసెసర్ వినియోగం నలభై శాతమే చూపిస్తోందే! ఇంకా అరవై ఖాళీగా ఉంది కదా" అని వానికి అనుమానం వచ్చింది. ఈ అనుమానం చాలామందికి కలుగుతుంది. ఆ శాతం ఎనిమిది త్రెడ్ల సగటు. ఆటలోని ప్రధానమైన పని ఒకే త్రెడ్‌పై నడుస్తుంటే, ఆ ఒక్కటి పూర్తిగా నిండినా సగటులో కనిపించేది పన్నెండున్నర శాతమే. ఊడ్పులకు పదిమంది కూలీలు వస్తే పని పదింతల వేగాన సాగుతుంది. నారుమడిలో నారు ఎదగడానికి పట్టే రోజులను మాత్రం వందమంది వచ్చినా తగ్గించలేరు. జీన్ ఆమ్‌డాల్ అనే శాస్త్రజ్ఞుడు 1967లో ఈ సంగతిని చర్చించాడు. పనిలో నలభై శాతం పంచడానికి వీలులేనిదైతే, నాలుగు కోర్లతో వేగం 1.8 రెట్లు, ఎనిమిదితో 2.1 రెట్లు అవుతుంది. ఎన్ని కోర్లు చేర్చినా 2.5 రెట్లు దాటదు. అందుచేత కొత్త ప్రాసెసర్ కొనేవారు కోర్ల సంఖ్యను చూసి మురిసిపోరాదు. ఒక్కొక్క కోరు బలాన్ని, క్యాష్ పరిమాణాన్ని చూడాలి. 4790కెలో ఎల్3 క్యాష్ 8 మెగాబైట్లు. ఏఎండీ 2022లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డిలో అది 96 మెగాబైట్లు. ఆటలలో దాని ప్రతిభకు ముఖ్యకారణం ఇదే.

ఇంతలో నాకొక సందేహం కలిగింది. బందరు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. మా ఇంట్లో ఇనుప కిటికీ ఊచలే పదేళ్లు నిలవవు! పెట్టె మూత తీయించి చూస్తే, కూలర్ రెక్కల నడుమ దుమ్ము కంబళిలా పేరుకొని ఉంది. ప్రాసెసరుకూ కూలరుకూ నడుమ పూసే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారింది. ఆట నడుస్తుండగా ఉష్ణోగ్రత వంద డిగ్రీలకు చేరువవుతోంది. ఆ స్థితిలో ప్రాసెసర్ తనను తాను కాపాడుకొనడానికి వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము తుడిచి, కొత్త పేస్ట్ పూసేసరికి ఉష్ణోగ్రత డెబ్బై ఆరుకు దిగింది. 41 ఫ్రేముల ఆట 49కి చేరింది. అయిన ఖర్చు నాలుగు వందల లోపు. మేనల్లుని ముఖంలో సంతోషం కన్న నిరాశే ఎక్కువగా కనిపించిందని చెప్పక తప్పదు. కొత్త ప్రాసెసర్ వాదం బలహీనపడింది కదా!

ఆ వాదం పూర్తిగా తేలిపోలేదు. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. వ్యక్తిగత వినియోగదారులకు భద్రతా నవీకరణలను మరొక ఏడాది పొడిగించే పథకాన్ని ప్రకటించింది. 4790కె నాల్గవ తరానికి చెందినది. విండోస్ 11 అధికారికంగా, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదవ తరం మొదలుకొని వచ్చిన ప్రాసెసర్లనే అంగీకరిస్తుంది. ఫ్రేముల లెక్కలో గెలిచిన యంత్రం భద్రత లెక్కలో ఓడింది. నా దృష్టిలో మార్పు కోరడానికి ఆటల తడబాటు కన్న ఇదే బలమైన కారణం.

మూడవనాడు బావగారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. నలభై రెండు వేలు పెడితే ఆరు ఆటలలో రెండు బాగుపడతాయి. మిగిలిన నాలుగింటికి కావలసినది వేరొక కార్డు. ఈ ఏడాది ఫీజు డబ్బును కదిలించనక్కరలేదు. పొడిగింపు గడువు తీరాక మాత్రం ఆ యంత్రంపై బ్యాంకు లావాదేవీలు చేయరాదు. ఆయన అంతా విని, "ఇంతకీ వాడేమంటాడు?" అని అడిగారు. ఫోన్ వానికే ఇచ్చాను.

"పరీక్షలయ్యే దాకా ఇలాగే ఉండనివ్వండి నాన్నా" అన్నాడు వాడు. దుకాణదారు చీటీ వెనుక కొత్త పేస్ట్ పూసిన తేదీ రాసి, మడిచి, కంప్యూటర్ పెట్టె లోపలి అంచున అంటించాడు. ర్యామ్ ధరలు దిగితే మళ్లీ లెక్క వేస్తాడట.