స్తనార్బుదం – సాధ్యాసాధ్య విచారం

చికిత్సకు పూనుకొనే ముందు వ్యాధి సాధ్యమా, అసాధ్యమా అని వైద్యుడు విచారించవలెనని ఆయుర్వేదం ఆదేశిస్తున్నది. చరక సంహిత సూత్రస్థానం పదవ అధ్యాయంలో వ్యాధులు సుఖసాధ్యాలు, కృచ్ఛ్రసాధ్యాలు, యాప్యాలు, చికిత్సకు లొంగనివి అని నాలుగు విధాలుగా చెప్పబడినవి. గురుకులంలో మా గురువుగారు ఔషధ యోగాల కంటె ముందుగా మా చేత వల్లె వేయించినది ఈ విచారమే. రొమ్ము క్యాన్సరు విషయంలో ఇట్టి విచారానికే ఆధునిక వైద్యంలో కొన్ని పరీక్షలున్నవి. వాటి ఫలితాలను అపార్థం చేసికొని ప్రమాదం తెచ్చుకొనేవారు మా ప్రాంతంలో కనిపిస్తున్నందున ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఎమ్మిగనూరు నేత కుటుంబానికి చెందిన 48 ఏళ్ళ సోదరి ఒకరు బలానికి లేహ్యం కావలెనని ఆదోనిలోని నా వద్దకు వచ్చినది. రొమ్ముకు శస్త్రచికిత్స, కీమోథెరపీ పూర్తియైనవి. ఐదేళ్ళు వాడవలెనని ఇచ్చిన టామోక్సిఫెన్ మాత్రను 14 నెలలకే మానివేసినది. ఎందుకమ్మా అని అడిగితే, "రక్తపరీక్షలో అంకె బాగా వచ్చె సామీ, జబ్బు పోయిందిలే అని మానేస్తిని" అన్నది. ఆమె చూపిన అంకె వేరు, ఆమెకు మాత్ర వ్రాయడానికి ఆధారమైన పరీక్ష వేరు. ఈ భేదం ప్రతి ఇంటివారూ తెలిసికొనవలెను.

గ్రాహకాలు చెప్పేది

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అంతా కంటికి ఒకటిగానే తోచును. పింజ లాగి చూచిన పిమ్మటగాని దాని గుణం తెలియదు. రొమ్ము గడ్డలూ అట్టివే. గడ్డ నుండి తీసిన ముక్కలోని కణాలలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే స్త్రీ హార్మోన్లను అందుకొనే గ్రాహకాలు ఉన్నవా అని పరీక్షిస్తారు. నూటికి ఒక కణమైనా ఆ గ్రాహకాన్ని చూపితే పాజిటివ్‌గా పరిగణిస్తారు. అట్టి గడ్డకు హార్మోనే ఆహారం. టామోక్సిఫెన్ ఆ ద్వారాన్ని మూసివేయును. ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న వారు దీనిని ఐదేళ్ళు వాడినచో, మొదటి 15 ఏళ్ళలో ఈ వ్యాధి వలన కలిగే మరణాలు సుమారు మూడవ వంతు తగ్గునని అనేక పరిశోధనలను కలిపి 2011లో ప్రకటించిన ఫలితాలు తెలుపుతున్నవి. ఈ రకం నెమ్మదైనదే గాని, ఐదేళ్ళు దాటిన పిదప కూడ తిరిగి రాగలదు. కనుకనే దీర్ఘకాలం మాత్ర వాడవలెను.

మూడవది హెర్-2. ఇది 3 ప్లస్ అయితే పాజిటివ్. 2 ప్లస్ అయితే ఫిష్ అనే మరియొక పరీక్షతో నిర్ధారించవలెను. ఒకప్పుడు ఇది దుష్టలక్షణంగా ఎంచబడేది. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ ఆమోదం పొందిన తరువాత ఆ స్థితి చాల వరకు మారినది.

ఈ మూడూ లేని రకాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. పాశ్చాత్య దేశాల కంటె మన దేశంలో దీని పాలు ఎక్కువ. ఇది వేగంగా పెరిగేదే గాని, కీమోథెరపీకి లొంగే గుణమున్నది. తిరగబెట్టే భయం తొలి సంవత్సరాలలోనే ఎక్కువ. ఐదేళ్ళు దాటితే బాగా తగ్గును. నెగెటివ్ అనే మాట చూచి ఆశ వదలుకొనరాదు. గడ్డ పరిమాణం, చంక గ్రంథులకు వ్యాపించిన తీరు కూడ కలిపి చూచినగాని భవిష్యత్తు తేలదు.

రక్తంలోని సూచికలు

సి.ఎ. 15-3, సి.ఇ.ఎ. అనేవి రక్తంలో చూచే సూచికలు. తొలిదశలో వ్యాధి ఉన్నప్పటికీ పెక్కుమందిలో ఇవి పెరగవు. కాలేయ వ్యాధుల వంటి ఇతర కారణాల వలన కూడ పెరుగవచ్చును. కనుక వ్యాధి నిర్ణయానికి ఇవి పనికిరావు. వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించిన వారిలో, చికిత్స పనిచేస్తున్నదా అని స్కానింగుతో కలిపి చూచుటకు ఉపకరిస్తవి. అంకె మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి పోయినట్లు కాదు. మాత్ర మానుటకు అది అనుమతి అసలే కాదు.

నా తప్పు, నేర్చిన పాఠం

నా వైద్యవృత్తి తొలి సంవత్సరాలలో ఒక తల్లి రొమ్ములోని నొప్పి లేని గడ్డకు మూడు మాసాలు లేపనం వేయించితిని. అర్బుదం కదలదని, లోతైన వేరు కలదని, పక్వానికి రాదని సుశ్రుతుడు నిదానస్థానంలో చెప్పిన లక్షణాలు నాకు కంఠస్థమే. అయినను గుర్తించలేకపోయితిని. ఆమెను ఆసుపత్రికి పంపేసరికి చంకలో గ్రంథులు వచ్చినవి. ఆనాటి నుండి రొమ్ములో గడ్డ అంటే నేను లేపనం వ్రాయను. ముక్క పరీక్షకు పంపుతాను.

పాటించవలసినవి

ముక్క తీసిన గంటలోపల ఫార్మలిన్ ద్రవంలో ఉంచవలెను. ఆలస్యమైతే గ్రాహక పరీక్ష తప్పుగా రావచ్చును. ఆ సీసాను మీ చేతికిచ్చి పంపితే ఏ ద్రవంలో ఉంచినారో అడుగుడు. ఆ రిపోర్టును భద్రపరచి, కర్నూలు వెళ్ళినా బళ్ళారి వెళ్ళినా వెంట తీసికొనిపోవలెను.

వంటలో పసుపు మంచిదే. కాని పసుపు సారానికి మిరియాల సారం చేర్చిన మాత్రలు టామోక్సిఫెన్ బలాన్ని కొంత తగ్గించగలవని 2019లో నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక చిన్న పరిశోధనలో తేలినది. శతావరి వంటి మూలికలను కూడ క్యాన్సరు వైద్యునికి చెప్పకుండ వాడరాదు.

ఎమ్మిగనూరు సోదరికి నేను లేహ్యం ఇవ్వలేదు. ఫైలుతో ఆమె వైద్యుని వద్దకు ఆ వారమే పంపితిని. మాత్ర మరల మొదలైనది. మీ ఇంటిలో ఎవరైనా ఇట్లే మాత్ర మానియున్నచో, నేడే ఫైలు తీసి చూడుడు.