రెమ్మ తిప్పి చూడు

వాన పడింది. చౌటుప్పల్ చెలకల్లో పచ్చని మొక్కలు మొలిచాయి.

"అత్తా, ఇది నేల ఉసిరేనా?" కోడలు అడిగింది.

"రెమ్మ తిప్పి చూడు బిడ్డా. కింద ఆవగింజలంత కాయలు వరుసగా ఉన్నయా? కాయ నున్నగ ఉంటే నేల ఉసిరి. గరుకుగ ఉంటే ఎర్ర ఉసిరి."

"మా చెల్లె కండ్లు పచ్చబడ్డయి. కామెర్లకు ఇది నూరి ఇస్తా."

"మీ చెల్లె కడుపుతో ఉంది కదా! అప్పుడు కామెర్లొస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణగండం. మొక్క దొరికిందని ఆగొద్దు. 108కు ఫోన్ చెయ్యి. రక్తపరీక్ష చేయించాలె."

వెంటనే చెల్లెను ఆసుపత్రికి తీసుకుపోయారు.

గుర్తుంచుకోండి:
గుర్తు తెలియని మొక్కను మందుగా వాడవద్దు. ఉమ్మెత్త, గన్నేరు విషం. ఫ్యాక్టరీ నీళ్లు పారే చోట ఆకు కోయవద్దు.

ఆలోచించండి:
మీ చెలకలో ఏ మందు మొక్కలున్నాయి? వాటిని ఎలా గుర్తుపడతారు?