వన్నె వాడని పువ్వు

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రకృతిలోని దేశీయ పుష్పాలను పరిశీలించి వాటిని ఛాయాచిత్రాలుగా భద్రపరచడం ఒక కళ, ఒక శాస్త్రం. కెమెరా పూవు రంగును ఎలా గ్రహిస్తుందో, కంప్యూటర్‌లో ఆ చిత్రాన్ని ఎంతవరకు సరిదిద్దవచ్చునో, ఎక్కడ ఆగాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

మాఘం ముగిసి ఫాల్గుణం ప్రవేశించే వేళకు నల్లమల అడవులలో మోదుగ చెట్టు ఆకులను రాల్చివేస్తుంది. ఆకు లేని కొమ్మల నిండా నారింజ, ఎరుపు వన్నెలు కలిసిన పూలు గుత్తులు గుత్తులుగా విరబూస్తాయి. దూరం నుండి చూసేవారికి అడవి అంటుకున్నదేమో అన్న భ్రాంతి కలుగుతుంది. తెలంగాణ పల్లెలలో ఈ పూలను నీటిలో మరగబెట్టి హోళీ పండుగకు వసంతం తయారుచేసుకోవడం చిరకాలపు ఆచారం.

ఆ పూవునే కోసి రెండు కాగితాల నడుమ ఒత్తిపెడితే క్రమంగా వన్నె తరిగి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆకారం నిలుస్తుంది, రంగు నిలవదు. ఎండబెట్టిన మొక్కల సేకరణలో ఈ లోపం మొదటినుండీ ఉన్నదే. దీనిని పూరించుకోవడానికే పూర్వపు వృక్షశాస్త్రజ్ఞులు చిత్రకారుల సాయం కోరారు.

18వ శతాబ్దం చివరి దశకాలలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ గోదావరి మండలంలోని సామర్లకోటలో ఉంటూ ఈ ప్రాంతపు మొక్కలను పరిశీలించాడు. భారతీయ చిత్రకారులను నియమించి, తాజా మొక్కను ఎదుట ఉంచి వారిచేత బొమ్మలు వేయించాడు. ఆకు, పూవు, కాయలతో పాటు విడదీసిన పూవు భాగాలను కూడా ఆ చిత్రకారులు చూపించారు. ఆ చిత్రాలనుండి ఎంపిక చేసిన 300 పలకలతో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథం 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. మొదటి సంపుటంలోనే మోదుగకు స్థానం లభించింది. రాక్స్‌బర్గ్ పేరు నేటికీ అనేక మొక్కల శాస్త్రీయనామాల పక్కన కనిపిస్తుంది. కుంచె పట్టిన వారి పేర్లు మాత్రం చాలావరకు నిలువలేదు. అయినా వారు పాటించిన నియమం నిలిచింది: ఎదుట ఉన్న పూవు ఏ రంగులో ఉన్నదో ఆ రంగే కాగితంపైకి రావాలి. నేడు కుంచె స్థానంలో కెమెరా వచ్చింది. నియమం మాత్రం మారలేదు.

ఏది దేశీయ పుష్పం?

కంటికి పరిచయమైన పూవు ప్రతిదీ ఈ నేలలో పుట్టినది కాదు. వేసవిలో వీధులను ఎర్రగా అలంకరించే ఎర్రతురాయి మడగాస్కర్ ద్వీపానికి చెందినది. ప్రతి తోరణంలోనూ కనిపించే బంతి మెక్సికో ప్రాంతం నుండి వచ్చినది. అడవుల అంచులను కమ్మివేస్తున్న లాంటానా, బీడుభూములను ఆక్రమించిన వయ్యారిభామ అమెరికా ఖండాలనుండి వచ్చినవే. వీటిలో చివరి రెండూ స్థానికమైన మొక్కలకు చోటు లేకుండా చేస్తున్నాయి.

మోదుగ, తంగేడు, రేల, కొండగోగు, అగ్నిశిఖ, విష్ణుక్రాంతం వంటివి ఈ నేలకు తరతరాలుగా చెందిన పుష్పాలు. ఆకులు రాలిన కొండలమీద కొండగోగు పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తుంది. ఎండలు ముదిరేసరికి రేల చెట్టు బంగారు గొలుసులు వేలాడదీస్తుంది. వానలు పడ్డాక పొదలమీదికి అగ్నిశిఖ పాకుతుంది. ఆశ్వయుజంలో తంగేడు బతుకమ్మ పళ్ళెరానికి చేరుతుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఈ తంగేడునే రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఈ విధంగా పూలను ఎరిగినవానికి సంవత్సరమంతా పని ఉంటుంది.

చిత్రం తీసే విధానం

పూల ఛాయాచిత్రానికి అనుకూలమైన వేళ సూర్యోదయం తరువాతి గంట, రెండు గంటలు. అప్పటి వెలుగు మెత్తగా ఉంటుంది. గాలి కూడా తక్కువ. గడ్డి నడుమ పాకే విష్ణుక్రాంతం చిన్న నీలిపూలు ఉదయం విచ్చుకొని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. ఆలస్యంగా లేచినవారికి ఆ పూవు దొరకదు. మిట్టమధ్యాహ్నం తప్పనిసరైనప్పుడు తెల్లని గొడుగునో, పలుచని తెల్లగుడ్డనో సూర్యునికీ పూవుకూ నడుమ పట్టుకుంటే నీడలు మెత్తబడతాయి.

నిలబడి కిందికి చూస్తూ తీసిన చిత్రంలో పూవు వెనుక మట్టి, ఎండుటాకులు కనిపిస్తాయి. పూవు ఎంత ఎత్తున ఉన్నదో కెమెరాను అంత ఎత్తుకు దించాలి. అవసరమైతే నేలమీద పడుకోవాలి. బాగా దగ్గరనుండి తీసేటప్పుడు స్పష్టంగా కనిపించే లోతు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. కేసరాలు స్పష్టమైతే రేకు అంచు మసకబారుతుంది. లెన్సు ద్వారాన్ని ఎఫ్ 8 లేదా ఎఫ్ 11 వరకు చిన్నది చేస్తే ఆ లోతు కొంత పెరుగుతుంది. కాని వెలుగు తగ్గుతుంది కనుక కెమెరాను ముక్కాలిపీటపై నిలపడం మంచిది. మొబైల్ ఫోనుతో తీసేవారు రాతిమీదనో, పుస్తకాల సంచిమీదనో చేతులు ఆనించుకోవచ్చు.

ఒక పూవుకు ఒక చిత్రం చాలదు. పూవు ముఖం ఎంత అందంగా వచ్చినా దానిని బట్టి మొక్కను గుర్తించడం అన్నిసార్లూ సాధ్యం కాదు. పూవు వెనుకభాగం, ఆకుల అమరిక, కాండం, కాయ, మొక్క పూర్తి రూపం విడివిడిగా తీయాలి. తంగేడును దగ్గరగా చూస్తే కేసరాలు కొన్ని పెద్దవిగా, కొన్ని చిన్నవిగా ఉంటాయి. పుప్పొడి వాటి కొనల రంధ్రాలనుండి రాలుతుంది. తుమ్మెద వాలి రెక్కల కండరాలను కంపింపజేసినప్పుడే అది బాగా బయటపడుతుంది. ఈ విశేషం కంటికి చిక్కడం కష్టం. ఓపికతో తీసిన చిత్రంలో చిక్కుతుంది.

చిత్రంకోసం పూవును కోయరాదు, కొమ్మను విరవరాదు, అడ్డువచ్చిన గడ్డిని పీకరాదు. పక్కకు వంచి, పని పూర్తికాగానే వదలివేయాలి. అగ్నిశిఖ వంటి మొక్కలో దుంప మొదలు అన్ని భాగాలూ విషపూరితాలే కనుక దానిని తాకకుండా చూడడం మరీ అవసరం.

కెమెరా చూసే రంగు

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కాంతిని విద్యుదావేశంగా మార్చి నమోదు చేసే పరికరాన్ని రూపొందించారు. ఆ కృషికి 2009లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అయితే అటువంటి పరికరం స్వయంగా వెలుగు హెచ్చుతగ్గులను మాత్రమే గుర్తిస్తుంది. దానికి రంగు తెలియదు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికి ఒక ఉపాయం చూపగా 1976లో పేటెంటు లభించింది. పరికరంపై ఉన్న సూక్ష్మమైన గడులలో సగానికి ఆకుపచ్చ, పావువంతుకు ఎరుపు, పావువంతుకు నీలం వడపోతలు అమర్చడమే ఆ ఉపాయం. పొరుగు గడుల విలువలను పోల్చి కెమెరా ప్రతి గడికీ పూర్తి రంగును లెక్కకడుతుంది. నేటి కెమెరాలలోనూ, ఫోన్లలోనూ అధికభాగం ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

మోదుగ పూవు కెమెరాకు పరీక్ష పెట్టేది ఇక్కడే. సాధారణమైన జేపెగ్ చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు 256 మెట్లుగా నమోదవుతాయి. మోదుగ రేకునుండి వచ్చే వెలుగులో ఎరుపు అత్యధికం, నీలం అత్యల్పం. మొత్తం చిత్రం సరియైన వెలుగులో ఉన్నట్లు కనిపించినా, ఎరుపు విలువ 255కు చేరి ఆగిపోతుంది. అప్పుడు రేకుమీది మడతలు, ఈనెలు, పట్టువంటి నూగు అన్నీ మాయమై రంగు ముద్ద ఒకటి మిగులుతుంది. తంగేడు, రేల వంటి పసుపు పూలలో ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఇదే విధంగా హద్దు దాటుతాయి. కనుక ముదురు రంగు పూలను కొంచెం తక్కువ వెలుగుతో తీయాలి. కెమెరా తెరపై మూడు రంగులకూ విడివిడిగా కనిపించే రేఖాపటాన్ని చూసి, ఏ రంగూ కుడి అంచుకు గుద్దుకోలేదని నిర్ధారించుకోవాలి. హద్దు దాటి పోయిన వివరాన్ని తరువాత ఏ కంప్యూటరూ యథాతథంగా తిరిగి తీసుకురాలేదు.

కెమెరాలో ముడిచిత్రం దాచుకునే సౌకర్యం ఉంటే దానిని వినియోగించుకోవాలి. 12 బిట్ల ముడిచిత్రంలో ఒక్కొక్క గడికి 4,096 మెట్లు, 14 బిట్ల చిత్రంలో 16,384 మెట్లు ఉంటాయి. సరిదిద్దేటప్పుడు ఈ అదనపు మెట్లే ఆదుకుంటాయి.

సరిదిద్దడం – మార్చివేయడం

1990లో ఫోటోషాప్ వెలువడిన తరువాత చిత్రాలను కంప్యూటర్‌లో సవరించడం క్రమంగా అందరికీ సాధ్యమైంది. ఉచితంగా లభించే జింప్ వంటివి కూడా ఈ పనికి సరిపోతాయి. సాధనం ఏదైనా మొదటి నియమం ఒకటే: మూలచిత్రాన్ని కదల్చక, దాని నకలుపైనే పనిచేయాలి.

మొదట తెలుపు సమతుల్యతను సరిచూడాలి. చెట్టునీడలో వెలుగుకు నీలి ఛాయ, ఆకుల నడుమ పచ్చని ఛాయ ఉంటాయి. అవి పూవుమీద పడి దాని రంగును మరుగుపరుస్తాయి. పూవు పక్కన బూడిదరంగు కార్డును ఉంచి ఒక చిత్రం తీసుకొని ఉంటే, ఆ కార్డు ఆధారంగా పరాయి ఛాయను తొలగించవచ్చు. పిమ్మట వెలుగునీడలను సరిచేయాలి. అనవసరమైన అంచులను కత్తిరించాలి. లెన్సుమీది ధూళి చేసిన మచ్చలను తుడవాలి. చివరగా కొద్దిపాటి స్పష్టత పెంచితే చాలు.

ఇంతవరకు జరిగినది సరిదిద్దడం. రంగుల గాఢతను పెంచే మీటను కుడివైపుకు జరపడంతో మార్చివేయడం మొదలవుతుంది. ఆ మీటను ఎంత జరిపితే చూసేవారు అంత మెచ్చుకుంటారు. ప్రమాదం అందులోనే ఉన్నది. అగ్నిశిఖ పూవు విచ్చినప్పుడు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉండి, రోజులు గడిచినకొద్దీ అంచులు తప్ప ఎర్రబడి, చివరకు పూర్తిగా ఎరుపెక్కుతుంది. అక్కడ రంగు అలంకారం కాదు, పూవు వయస్సు. ఆకర్షణకోసం అన్ని పూలనూ ఎర్రగా మార్చితే ఆ మొక్క చెబుతున్న మాటను తుడిచివేసినట్లే. అదేవిధంగా విష్ణుక్రాంతం లేతనీలాన్ని ఊదాగా మార్చి పంపితే, దానిని చూసి మొక్కను గుర్తించబోయేవారు పొరబడతారు.

ఇది కేవలం అందచందాలకు సంబంధించిన విషయం కాదు. 2008లో ప్రారంభమైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికలకు సామాన్యులు పంపిన పూల చిత్రాలు శాస్త్రాధారాలుగా ఉపకరిస్తున్నాయి. ఏ మొక్క ఏ కొండమీద, ఏ మాసంలో పూచిందో వాటిద్వారా తెలుస్తుంది. రేపు ఒక రహదారి వెడల్పు కావచ్చు, ఒక గుట్ట క్వారీగా మారవచ్చు. అప్పుడు అక్కడ పూసిన పూవుకు ఒక విద్యార్థి తీసిన చిత్రమే సాక్ష్యం కావచ్చు. సాక్ష్యంలో అతిశయోక్తికి చోటు లేదు. కనుక ప్రతి చిత్రానికి తేది, స్థలం, మొక్క ఎత్తు, కంటికి కనిపించిన రంగు అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకోవాలి. రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు జ్ఞాపకం రంగులను పెంచి చెబుతుంది. నోటుపుస్తకం ఉన్నది ఉన్నట్లు చెబుతుంది. అప్పటికీ సందేహం తీరకపోతే తెల్లవారి మళ్ళీ ఆ మొక్క దగ్గరకు వెళ్ళడమే మార్గం.

సామర్లకోట చిత్రకారులు పూవు వాడకముందే రంగు కలిపి ముగించవలసి వచ్చింది. నేటి విద్యార్థికి క్షణంలో చిత్రం దొరుకుతుంది, దానిని మార్చే శక్తి కూడా దొరుకుతుంది. వారికి లేని ఈ రెండో శక్తిని అదుపులో ఉంచుకున్నవాని చేతిలోనే పూవు వన్నె వాడకుండా నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

వన్నె = రంగు, కాంతి
భ్రాంతి = లేనిది ఉన్నట్లు తోచడం
కేసరాలు = పుప్పొడిని ఇచ్చే పూవు భాగాలు
మరుగుపరచు = కనిపించకుండా చేయు
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
నకలు = ప్రతి
గాఢత = చిక్కదనం

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. దేశీయ పుష్పాల ఛాయాచిత్రాలు తీసేటప్పుడు పాటించవలసిన నియమాలను వివరించండి.
2. చిత్రాన్ని సరిదిద్దడానికీ, మార్చివేయడానికీ గల భేదాన్ని పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. సామర్లకోట చిత్రకారుల కృషి ఎటువంటిది?
2. మోదుగ పూవు రంగును నమోదు చేయడంలో కెమెరాకు ఎదురయ్యే ఇబ్బంది ఏమిటి?
3. అగ్నిశిఖ పూవు రంగును మార్చితే కలిగే నష్టం ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఎర్రతురాయి ఏ ద్వీపానికి చెందినది?
2. బేయర్ పద్ధతిలో సగం గడులకు ఏ రంగు వడపోత ఉంటుంది?
3. విష్ణుక్రాంతం పూలు ఎప్పుడు ముడుచుకుంటాయి?

ఈ) సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశసంధి
శాస్త్రాధారం = శాస్త్ర + ఆధారం – సవర్ణదీర్ఘసంధి

ఉ) ప్రాజెక్టు పని
మీ కళాశాల పరిసరాలలో పూసే మూడు దేశీయ పుష్పాలను గుర్తించి, కోయకుండా చిత్రాలు తీసి, తేది, స్థలం, రంగు వివరాలతో ఒక పట్టిక తయారుచేయండి.