మందు డబ్బా తెచ్చే ముందు చెట్టు కింద చూడు

బిడ్డా,

"ఏ మందు కొట్టాలె పెద్దబాపూ?" అని అడిగినవు. కోసిన బంగినపల్లి ఫోటో పంపి, గుజ్జులో కదిలే తెల్ల పురుగులను చూపించి మరీ అడిగినవు కాబట్టి సూటిగానే చెప్తాను. కాయలోకి దూరిన ఆ పురుగుకు మందు లేదు. నువ్వు ఏ డబ్బా తెచ్చి కొట్టినా అది తోలు మీదనే ఆగిపోతుంది, పురుగేమో తోలు కింద ఉంటుంది. అది పండు ఈగ పిల్ల. తల్లి ఈగ పక్వానికి వస్తున్న కాయను గుచ్చి తోలు కింద గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజుల్లో అవి పొదుగుతాయి. పిల్లపురుగులు వారం, పది రోజులు గుజ్జు తింటాయి. ఈలోపు కాయ మెత్తబడి రాలుతుంది. పురుగు బయటపడి మట్టిలోకి నాలుగైదు అంగుళాలు దిగి గూడు కట్టుకుంటుంది, కొద్దిరోజులకు ఈగై లేచి మళ్లీ అదే చెట్టెక్కుతుంది. ఇందులో నీ చేతికి అది చిక్కేది ఎక్కడో ఆలోచించు. కాయలో చిక్కదు, గాలిలో చిక్కదు. రాలిన కాయలో, చెట్టు కింది మట్టిలో మాత్రం ఎటూ పోలేని స్థితిలో ఉంటుంది.

నీ ఫోటోలో కోసిన పండు కంటే ముందు నా కంట పడింది దాని వెనక నేల. రాలిన కాయలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. వాటిని అట్లా వదిలేసి మందు గురించి అడుగుతున్నవు! ఒక్క కాయలో పదుల పురుగులుంటాయి. ఆ కాయ పొద్దునకల్లా లేకుండా పోతే అవన్నీ పోయినట్టే, వారం రోజులు అక్కడే ఉంటే అవన్నీ మట్టిలోకి దిగినట్టే. అందుకని ఏరడం రోజూ జరగాలి, ఆదివారం పని కాకూడదు. ఏరిన కాయలను పెంటకుప్ప మీద వేస్తే ఈగలను ఇంకో చోటికి మార్చినట్టవుతుంది, అంతే. జానెడు గుంట తీసి పూడ్చినా అవి పైకి రాగలవు. రెండడుగుల లోతున పూడ్చు, లేదా నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి ఎండలో పెట్టు. మంచిర్యాల, జగిత్యాల మే ఎండ దేనికీ పనికిరాదని అనుకుంటాం గానీ, ఆ సంచి లోపల పురుగు బతకదు. చెట్టు కింద మట్టిని అప్పుడప్పుడు గీకి తిరగెయ్యి. కోళ్లు ఉంటే అటు వదులు, మిగిలిన పని అవి చూసుకుంటాయి.

"నేను ఏరితే సరిపోతుందా, పక్కింటోళ్ల ఈగలు రావా?" అంటవు. వస్తాయి. అందుకే నువ్వు చెప్పిన ఎర బుట్టి కూడా కట్టమంటున్నాను, కానీ అది ఏం చేయగలదో తెలుసుకుని కట్టు. దాంట్లో వేసేది మిథైల్ యూజినాల్. దీని వెనక కథ మన దేశానిదే. బీహార్‌లోని పూసా పరిశోధన కేంద్రంలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. దోమలు రాకుండా వాడే సిట్రొనెల్లా నూనెకు పండు ఈగలు గుంపులుగా వచ్చి వాలుతున్నాయని, వచ్చేవన్నీ మగవేనని ఆయన 1912లో రాశాడు. వాటిని లాగుతున్న పదార్థం మిథైల్ యూజినాల్ అని తర్వాత తేలింది. 1960లలో పసిఫిక్ సముద్రంలోని రోటా అనే చిన్న దీవి మీద ఈ ఎరను, విషాన్ని కలిపి పట్టించిన ముక్కలను విమానాల నుంచి జారవిడిచి ఆ ఈగ జాతినే అక్కడ లేకుండా చేశారు. అయితే అది చుట్టూ సముద్రమున్న దీవి. నీ పెరటి చుట్టూ ఉన్నవి పెరళ్లే. నీ బుట్టిలో మగ ఈగలు నిండుతాయి, గుడ్లు పెట్టే ఆడది మాత్రం బయటే ఉంటుంది. మిగిలిన కొద్ది మగవాటితోనే అది జత కట్టగలదు. బుట్టి నిండిందని సంబరపడి కాయలు ఏరడం మానేస్తే నష్టమే. వాడకట్టులో నలుగురు కలిసి కట్టి, నలుగురూ ఏరితే మాత్రం లెక్క మారుతుంది. పక్కింటామెకు రెండు మంచి పండ్లు ఇచ్చి ఈ మాట చెప్పి చూడు.

అందే కొమ్మల కాయలకు కాగితం సంచులు తొడగడం అన్నిటికంటే గట్టి కాపుదల. కాయ కోడిగుడ్డంత అయినప్పుడు తొడిగి, తొడిమ దగ్గర కట్టాలి. చెట్టంతా తొడగలేనని ముందే అంటున్నవు. తొడగమని ఎవరన్నారు? నిచ్చెనకు అందినన్ని చాలు, ఇంటికి అవే ఎక్కువ. పైకొమ్మల కాయలను చెట్టు మీద పండేదాకా ఉంచకు. భుజాలు నిండి, తొడిమ దగ్గర గుంత పడగానే చిక్కంతో దించి వరిగడ్డిలో మగ్గబెట్టు. చెట్టు మీద పండితేనే రుచి అనే మాట కాదనను, కానీ మిరుగు దాకా ఆగిన కాయలో రుచి చూసేది ఈగే. తొలకరి పడ్డాక వాటి సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. ఇది పెరటి ముచ్చట మాత్రమే అనుకోకు. ఈ ఈగలు దొరికాయనే 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య మన దేశపు మామిడిని ఆపేసింది, మరుసటి ఏడు ఆరంభంలో గానీ తిరిగి రానివ్వలేదు. చల్‌గల్ మార్కెట్‌కు లారీలు నింపే జగిత్యాల రైతుకూ ఇదే ఈగ, నీకూ ఇదే ఈగ.

ఇక పూత రాలుతోందని నువ్వు పడ్డ బాధ. ఒక్కో పూగుత్తికి వందల నుంచి వేల పూలు ఉంటాయి, వాటిలో చాలావరకు మగ పూలే. నూటికి ఒక్కటి కూడా కాయగా నిలబడదు, నిలబడితే కొమ్మ మోయలేదు. రాలడం రోగం కాదు. దాన్ని చూసి కంగారుపడి నిండు పూత మీద మందు కొట్టడం మాత్రం పెద్ద తప్పు. మామిడికి పరాగం మోసేవి ఎక్కువగా ఈగలే, నువ్వు అసహ్యించుకునే మామూలు ఈగలతో సహా. వాటిని చంపి కాయలు రాలేదని ఎవరిని అడుగుతవు? "మరి తేనె మంచు పురుగు వస్తే చూస్తూ కూర్చోవాలా?" కూర్చోవద్దు. దానికి మందు అవసరమేనని ఒప్పుకుంటాను. చెట్టు పక్క నుంచి పోతుంటే టపటపా ఎగిరి, ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద మసి కనిపిస్తే అది ఉన్నట్టే. అయితే కొట్టే వేళ మొగ్గ విచ్చుకోకముందు, మళ్లీ పిందె బఠాణీ గింజంత అయ్యాక. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేప మందు (1500 పి.పి.ఎం.) మొగ్గ దశలో మొదలుపెట్టు. ఆదిలాబాద్ వైపు చలి మామిడి పూతకు మేలే, కానీ ఆ చలికి మంచు తోడైతే బూడిద తెగులు వస్తుంది. అప్పుడు లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం.

కానీ ఆ తేనె మంచు పురుగు పూతకు ముందు ఎక్కడుంటుందో చూడు. బెరడు పగుళ్లలో, ఎండ సోకని గుబురు కొమ్మల్లో. అంటే జనవరి బెడదకు జూన్‌లోనే పునాది పడుతుంది. కాయలు దింపిన వెంటనే నడిమి గుబురు తీసేయి, ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు కోసేయి. కొమ్మలు కోస్తే కాపు తగ్గుతుందని మీ అమ్మ అంటుంది, తెలుసు. మామిడి కాసేది ముదిరిన కొమ్మల కొసల్లో, వెలుతురు తగిలే చోట. నీడలో పడి ఉన్న పుల్లలు ఎట్లాగూ కాయవు, పురుగుకు ఇల్లు మాత్రం అవుతాయి. ఆగస్టు దాటాక మాత్రం రంపం ముట్టకు, అప్పుడొచ్చిన చిగురు చలికాలానికి ముదరదు. దసరా నుంచి స్నానాల నీళ్లు చెట్టు మొదటికి పోకుండా కాలువ మళ్లించు, పిందె నిలబడ్డాక మళ్లీ వదులు. ఆ వేళ తడి, యూరియా దొరికిన చెట్టు పూతకు బదులు లేత చిగురు వేస్తుంది, తేనె మంచు పురుగుకు అంతకంటే ఇష్టమైనది లేదు.

స్ప్రేయర్‌కని దాచిన పైసలతో ముందు చేతి రంపం కొను. మొదటి కొమ్మ కోసే ముందు మొద్దు దగ్గర నిలబడి పైకి చూస్తూ ఒక ఫోటో తీసి పంపు. ఏవి తీయాలో దాని మీద గీత గీసి పంపుతాను.

నీ పెద్దబాపు