పాటకి ధర నువ్వే కట్టుకో

ఉప్పాడ

చిరంజీవి మేనల్లుడికి,

నీ అయిదు పాటలూ విన్నాను. వల లాగే పాటలో డప్పు బాగా కుదిరింది. ఆడియో కంపెనీవాళ్లు గుత్తగా 30,000 ఇస్తామన్నారు, ఇచ్చేయమంటావా అని అడిగావు. నేనైతే వద్దంటాను. ఆ సొమ్ము నీ స్టూడియోకీ, మిక్సింగుకీ, డప్పుకీ సరి. మన ఊళ్లో మజూరీకి జాందానీ నేసేవాడికి కూలే మిగులుతుంది. చీర ఎంతకి అమ్ముడుపోయినా ఆ లాభం షావుకారుదే. నీ పాటని అలా వదులుకోకు.

స్పాటిఫై మీద ఆశ పెట్టుకోకు. అక్కడ ఒక్కసారి వింటే ఇంత అని ధర ఉండదు. వచ్చిన సొమ్ములో ఎవరి పాట ఎంత వింటే వాళ్లకంత వాటా. పైగా 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లయినా వినని పాటకి పైసా రాదు. అంచేత ప్రచారానికి రెండు పాటలు అక్కడ పెట్టు, అయిదూ కావాలన్నవాళ్లకి నువ్వే అమ్ము. విదేశాల్లో ఉన్న మనవాళ్లకి, పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటు ఉంది. ధర నీ ఇష్టం, 15 శాతం వాళ్లకి, చెల్లింపు ఖర్చులు వేరే. ఇక్కడివాళ్లకి యూపీఐ చాలు.

నిజంగా కొనేవాళ్లు 300 మంది, అందరూ బ్యాండ్‌క్యాంప్‌లోనే అనుకో. వంద పెడితే కమిషన్ పోయి చేతి చమురు వదులుతుంది. 150 పెడితే కమిషన్ పోను 127.50, మొత్తం 38,250. పాటలకైన 30,000 ఖర్చు తీసేస్తే 8,250, అందులోంచి చెల్లింపు ఖర్చులు పోగా మిగిలింది నీది. 2007లో రేడియోహెడ్ బ్యాండ్ వాళ్లు తమ ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమ్‌కి తోచినంత ఇచ్చుకోమన్నారు. వాళ్లకి అప్పటికే లోకమంతా పేరుంది. నువ్వు మాత్రం 150కి తగ్గకు. ఆపైన ఎంతిచ్చినా పుచ్చుకో.

ఎప్పుడైనా కంపెనీకి ఇవ్వాల్సొస్తే కాగితం పూర్తిగా చదువు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో సమాన వాటా ఉంది. దాన్ని కంపెనీకి వదిలేస్తున్నానని సంతకం పెట్టినా చెల్లదు. కాగితంలో గడువు రాయకపోతే కంపెనీకి హక్కు అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. అందుకే ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అని కనబడితే కొట్టేయమను. ఆ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకో.

ఇంకోటి. వల పాట పల్లెవాళ్లది. రచన అని నీ పేరు వేసుకోకు, సేకరణ అని వెయ్యి. డప్పు కొట్టినవాడి డబ్బులు ముందు ఇచ్చెయ్, ఆ తర్వాతే అమ్మకం మొదలుపెట్టు.

మీ మావయ్య