షరతు రాసే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. పిల్లల మీద లైంగిక నేరం చేసినవాడికి ఎన్ని ఆంక్షలు పెట్టినా తక్కువే, ఇందులో తూచి చూడాల్సింది ఏముందని అడిగావు. ఆ కోపం న్యాయమైనదే, దాన్ని వదులుకోమనను. కానీ ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదువుతున్నావు గనుక, 2011లో అక్కడి అప్పీలు కోర్టు స్మిత్ కేసులో ఇచ్చిన తీర్పు నిదానంగా చదువు.

ఆ తీర్పు మూడు సంగతులు చూడమంటుంది. తీవ్రమైన లైంగిక హాని నుంచి జనాన్ని కాపాడటానికి, అలాంటి ఆంక్షలు పెట్టే కోర్టు ఉత్తర్వు అవసరమా? అవసరమే అయితే, షరతులు మనిషిని పీడించేలా ఉన్నాయా? మొత్తంగా అవి ప్రమాదానికి తగ్గట్టు ఉన్నాయా?

ఇంటర్నెట్ సంగతే తీసుకో. పిల్లల అసభ్య చిత్రాలు దాచుకున్నవాణ్ణి అసలు నెట్టే ముట్టొద్దనడం సబబు కాదంది కోర్టు. ఇంటర్నెట్ లేని రోజుల్లో అలాంటి బొమ్మల పుస్తకాలు దొరికినవాణ్ణి అచ్చుకాగితమే ముట్టొద్దని ఎవరూ అనలేదు కదా అని గుర్తుచేసింది. నన్ను బాగా పట్టేసిన వాదన ఇది. నిషేధానికి బదులు, ఏమేం చూశాడో ఆ చరిత్ర చెరిపెయ్యకుండా ఉంచాలి, పోలీసులు అడిగితే పరికరం చూపాలి అన్న షరతు మేలంది. దీన్ని దయ అనుకోకు. పూర్తిగా వద్దంటే అతను చాటుగా ఇంకో ఫోను సంపాదిస్తాడు. చూపించమంటే పోలీసులకు ఆనవాలు మిగులుతుంది.

పిల్లలతో మాట్లాడకూడదన్న షరతు ఇంకా చిక్కు. అంతవరకే రాసి వదిలేస్తే, దుకాణంలో బిల్లు వేసే కుర్రాడికి డబ్బులిచ్చినా ఉల్లంఘనే. ఉల్లంఘనకు అయిదేళ్ల దాకా జైలు. అందుకే రోజువారీ బతుకులో అనుకోకుండా, తప్పించుకోలేక జరిగే పలకరింపులకు మినహాయింపు రాస్తారు. చిత్రాలు చూసి దొరికినవాడు రేపు ఇంకో రకం నేరం చేస్తాడేమోనన్న ఊహతో షరతులు పేర్చకూడదు, ఆ ప్రమాదం నిజంగా ఉందని చూపాలి. నేరానికి గురైన బిడ్డ దగ్గరికి వెళ్లకూడదన్న షరతును సడలించడానికి మాత్రం నేనైతే ఒప్పుకోను.

2015లో ఈ ఉత్తర్వుల స్థానంలో వేరే పేరుతో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. సాంకేతికత ఎంత మారినా స్మిత్ సూత్రాలు చెల్లుతాయని 2017లో అదే కోర్టు మళ్లీ చెప్పింది.

పిల్లలున్న బస్సు అమాయకంగా ఎక్కినవాణ్ణి కూడా పట్టుకోమనే షరతు పోలీసుల సమయం తినేస్తుంది, నిజంగా కనిపెట్టాల్సిన చోట కన్ను లేకుండా చేస్తుంది. దానివల్ల నష్టపోయేది పిల్లలే.

ఈసారి క్లాసులో నమూనా ఉత్తర్వు ఇచ్చినప్పుడు ప్రతి షరతు పక్కనా రెండు ముక్కలు రాయి: ఇది ఏ హానిని ఆపుతుంది, పాటిస్తున్నాడో లేదో ఎలా తెలుస్తుంది. జవాబు దొరకని వాటిని కొట్టేసి, ఆ కాగితం నాకు పంపు. చూసి రాస్తాను.

నీ పెదనాన్న