ఔలిలో గది ఎవరి పేరున?

నాలుగు కుటుంబాలు కలిసి, రైల్వే పాసులు రాయించుకుని పూరీకో డార్జిలింగ్‌కో బయల్దేరడం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు కొత్త కాదు. ఇప్పుడు పిల్లలు స్కీయింగ్ అడుగుతున్నారు. అందుకు ఉత్తరాఖండ్‌లోని ఔలికో, కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో, మనాలి పక్కన సోలాంగ్‌కో పోవాలి. ఊరు దూరం, ఖర్చు ఎక్కువ, వెళ్లేది చిన్నా పెద్దా కలిపి పది ఇరవై మంది. గది బాగోలేదని తెలిసేది చంటిపిల్లలతో మంచులో దిగాక. అప్పుడు వేరే చోటు వెతుక్కోవడం చాలా కష్టం. బస ఎంచుకునే రోజునే చట్టం మనకు ఏమి ఇచ్చిందో తెలిసి ఉండాలి.

ఒక బృందాన్ని ఊహించుకుందాం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే అన్నదమ్ములిద్దరు, వాళ్ల బావగారు, అదే ఊళ్లో నింపురాలో ఉండే ఇద్దరు స్నేహితులు, వాళ్ల కుటుంబాలు. మొత్తం ఇరవై మంది. బసకు మనిషికి 6,000 చొప్పున 1,20,000 రూపాయలు. అందరూ బావగారి ఫోన్‌కు యూపీఐ చేశారు. హోటల్‌తో మాట్లాడిందీ, అడ్వాన్స్ పంపిందీ, రసీదు తీసుకున్నదీ ఆయనే. రేపు అక్కడ వేడినీళ్లు రాకపోతే ఫిర్యాదు చేసే హక్కు ఎవరిది? ఆయన ఒక్కడిదేనా?

కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) ప్రకారం డబ్బు కట్టినవారే కాదు, వారి ఆమోదంతో ఆ సేవ పొందేవారు కూడా వినియోగదారులే. అత్తగారూ, స్కూలు పిల్లలూ అందరూ ఇందులోకి వస్తారు. అయితే హోటల్ ఇచ్చిన కాగితం మీద ‘20 మంది’ అని మాత్రమే ఉంటే ఆ ఇరవైలో మీరు ఒకరని మీరే రుజువు చేసుకోవాలి. అందుకని బుకింగ్ చేసే రోజే అందరి పేర్లూ హోటల్‌కు ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపి, అందినట్టు జవాబు తీసుకోండి. ఐదు నిమిషాల పని ఇది.

రెండో సంగతి చుట్టరికాలు చెడగొట్టేది, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం. డబ్బు పోగుచేసిన బావగారు చట్టం దృష్టిలో ఎవరు? భారత కాంట్రాక్టు చట్టం 1872 ప్రకారం ఆయన మిగతావారికి ఏజెంటు. కమీషన్ తీసుకోకపోయినా ఏజెంటే. సెక్షన్ 185 ఏజెన్సీకి ప్రతిఫలం అక్కర్లేదంటుంది. అందరూ చెప్పిన ప్రకారమే ఆయన నడుచుకోవాలి (సెక్షన్ 211), అడిగినప్పుడు లెక్క చూపాలి (సెక్షన్ 213). దీనికి రెండో వైపు కూడా ఉంది. మీరందరూ సరేనన్నాకే ఆయన అడ్వాన్స్ కట్టాడు. తర్వాత ఒక కుటుంబం రాలేమంటే, వాళ్ల వాటా కింద హోటల్ పట్టుకున్న డబ్బును ఆయన తన జేబులోంచి పెట్టుకోనక్కర్లేదు. చెప్పిన పని చట్టబద్ధంగా చేసినందుకు వచ్చిన నష్టాన్ని చెప్పినవాళ్లే భర్తీ చేయాలని సెక్షన్ 222 చెబుతుంది. మానుకున్నవాళ్ల స్థానంలో ఇంకెవరైనా చేరి వాటా కట్టేస్తే మాత్రం నష్టమే లేదు, వాళ్ల డబ్బు తిరిగి ఇచ్చేయాలి.

చాలామంది పెద్దమనుషులు ఈ బాధ్యత నెత్తిన వేసుకుని చివరికి మాటలు పడతారు. ఉచితంగా ఊరి కోసం చేసినవాడిని వినియోగదారుల కమిషన్‌కు లాగడం కుదరదు, ఉచిత సేవ ఆ చట్టం పరిధిలోకి రాదు. మనిషికి ఇంత అని లాభం వేసుకున్నవాడు మాత్రం టూర్ నడిపేవాడే అవుతాడు, జవాబుదారీ కూడా అవుతాడు. గ్రూపులో మొదటి రోజే మూడు ముక్కలు రాసిపెట్టుకోండి: ఎవరెంత కట్టారు, ఫలానా తేదీ తర్వాత మానుకుంటే వాటాలో ఎంత పోతుంది, గదులు ఎవరెవరికి. మొహమాటపడకండి. ఆ రాత బావగారికే రక్ష.

ఇక హోటల్ ఎక్కడుందో చూద్దాం. స్కీయింగ్ యాత్రలో నిజంగా డబ్బు పోయేది ఇక్కడే. ప్రకటనలో ‘ఔలి’ అని ఉంటుంది, గది మాత్రం కింద జోషీమఠ్‌లో ఉంటుంది. ‘గుల్‌మార్గ్’ అని ఉంటుంది, దిగేది సుమారు 13 కిలోమీటర్ల కింద తంగ్‌మర్గ్‌లో. సోలాంగ్ పేరు చెప్పి మనాలి ఊళ్లో గదులిస్తారు. మైదానంలో ఆ దూరం లెక్కలోది కాదు. మంచు పడిన ఘాట్ రోడ్డు మీద టైర్లకు గొలుసులు కట్టిన బండి మాట్లాడుకోవాలి, రోజూ పైకీ కిందికీ, ఇరవై మందికీ. చౌక గది ఖరీదైపోతుంది. జోషీమఠ్ నుంచి ఔలికి రోప్‌వే ఉందని రాసే ప్రకటనలను ప్రత్యేకంగా గమనించండి. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు ఆ రోప్‌వేను ఆపేశారు. అది ఇప్పుడు నడుస్తోందా అని రాతపూర్వకంగా అడగండి. ‘రోప్‌వే పక్కనే’ అన్న మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ నడవని రోప్‌వే పక్కన గది మీకెందుకు?

ఇలాంటి ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టంలో పేరుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన, సెక్షన్ 2(28). ముఖ్యమైన సంగతిని కావాలని దాచడం కూడా అందులోకే వస్తుంది. రోడ్డు మూసుకుపోయిందనో, గదిలో హీటరుకు రోజుకింత వేరేగా కట్టాలనో తెలిసీ చెప్పకపోతే అది సేవాలోపం కూడా, సెక్షన్ 2(11). కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి ప్రకటనలకు 10 లక్షల వరకూ జరిమానా వేయగలదు. అందుకే ఫోన్‌లో మాట్లాడినదంతా తర్వాత ఒక సందేశంగా పంపండి: ‘మీరు చెప్పిన ప్రకారం మంచు వాలు దగ్గరకు నడిచి పది నిమిషాలు, ప్రతి గదిలో హీటరు, వేడినీళ్లు అద్దెలోనే, సరేనా?’ అవతలినుంచి ‘సరే’ వచ్చిందంటే మీ చేతిలో ఒప్పందం ఉన్నట్టే. ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి, అది రేపు మారిపోవచ్చు.

జోషీమఠ్ గురించి ఇంకో మాట. నేల కుంగిన ఆ 2023 జనవరిలోనే ఒకదాని వైపు ఒకటి ఒరిగిపోయిన మలారీ ఇన్, మౌంట్ వ్యూ అనే రెండు హోటళ్లను అధికారులు కూల్చేయించారు. అలాంటి హోటల్‌లో ముందే డబ్బు కట్టినవారి సంగతేమిటి? కాంట్రాక్టు చట్టం సెక్షన్ 56 ప్రకారం ఒప్పందం జరిగాక దాన్ని నెరవేర్చడమే అసాధ్యమైపోతే ఆ ఒప్పందం చెల్లదు. సెక్షన్ 65 ప్రకారం అప్పటికే తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత జమ్మూ కశ్మీర్ ప్రభుత్వం 48 పర్యాటక స్థలాలను మూసేసింది. మీరు వెళ్లాల్సిన స్థలాన్నే ప్రభుత్వం మూసేస్తే ఈ సెక్షన్లు మీ పక్షాన ఉంటాయి. స్థలం తెరిచే ఉండి, భయంతో మీరే మానుకుంటే వాదన బలహీనపడుతుంది. అప్పుడు రద్దు షరతులే ఆధారం. కనుక ‘ప్రభుత్వ ఆదేశంతోనో, మంచువల్ల రోడ్డు మూసుకునో రాలేకపోతే పూర్తి వాపసు’ అన్న ఒక్క వాక్యం ముందే రాయించుకోండి. గుంపుగా వస్తున్నారంటే హోటళ్లు బేరానికి దిగుతాయి. ధర తగ్గించమని అడగడానికి వాడే ఆ బలాన్ని ఈ వాక్యానికి కూడా వాడండి.

‘డబ్బు వాపసు లేదు’ అని రసీదు మీద అచ్చేసినంత మాత్రాన కథ ముగియదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద ఒప్పందం తప్పినందుకు న్యాయమైన పరిహారమే దక్కుతుంది, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. నష్టమే లేని చోట అడ్వాన్సు మొత్తం మింగేయడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో చెప్పింది. అది స్థలం వేలం కేసు, కానీ సూత్రం ఒప్పందాలన్నిటికీ సంబంధించినది. రెండు నెలల ముందే రద్దు చేసుకుంటే, ఆ గదులను హోటల్ వేరేవారికి ఇచ్చేస్తే, గట్టిగా అడగండి.

ఆన్‌లైన్ బుకింగ్ వేదికలకు 2020 ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. తాము ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమే భరించని సంస్థ, మీ మీద రద్దు రుసుము వేయకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ‘ఒక్క గదే మిగిలింది’ అని లేని తొందర పెట్టడం, చివరి తెరలో కొత్త ఛార్జీలు కలపడం, అడగని బీమాను బుట్టలో వేయడం 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. హోటల్లో తిన్న భోజనం బిల్లులో సర్వీస్ ఛార్జీ తప్పనిసరి చేయరాదన్న 2022 మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. టెంపో ట్రావెలర్ తాళాలు హోటల్ సిబ్బంది తీసుకుని పార్క్ చేశాక బండి పోతే, ‘యజమాని బాధ్యతపైనే’ అన్న బోర్డు చూపించి హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని 2019లో తాజ్‌మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

డబ్బు పంపే ముందు హోటల్ నిజంగా ఉందో లేదో చూసుకోండి. హిమాచల్‌లో 2002 చట్టం కింద, జమ్మూ కశ్మీర్‌లో 1978 చట్టం కింద బస ఇచ్చేవారు పర్యాటక శాఖలో నమోదు కావాలి. నమోదు సంఖ్య అడగండి. ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వసతి ఉంది, అది ప్రభుత్వ సంస్థ. వాళ్ల సేవ బాగాలేకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. హోటల్ పేరుతో నకిలీ వెబ్‌సైటు పెట్టి, వ్యక్తి పేరున ఉన్న యూపీఐకి పంపమనడం ఇప్పటి మోసం. అలా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితేనే డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం ఎక్కువ.

చలి ఊళ్లో బసకు సంబంధించి ప్రాణానికి ముడిపడిన సంగతి ఒకటి ఉంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. హోటల్ కుంపటి ఇస్తానంటే ఒప్పుకోకండి, విద్యుత్ హీటరో, పొగ బయటికి పోయే గొట్టమున్న బుఖారీ పొయ్యో అడగండి. పిల్లలున్న గదికి ఇది మరీ ముఖ్యం.

అక్కడ మోసపోయి వెనక్కి వచ్చారనుకుందాం. కేసు వేయడానికి చమోలీకో శ్రీనగర్‌కో పోనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 కింద ఫిర్యాదీ నివసించే చోటనే వేయవచ్చు. ఖరగ్‌పూర్‌వాళ్లకు పశ్చిమ మేదినీపూర్ జిల్లా వినియోగదారుల కమిషన్ మేదినీపూర్‌లోనే ఉంది. గిరిమైదాన్‌లో లోకల్ ఎక్కి కాసాయి దాటితే చాలు. కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే కేసు జిల్లా కమిషన్‌దే, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే దాఖలు చేసి, వీడియో విచారణ కోరవచ్చు. ఇరవై మంది ఇరవై కేసులు వేయనక్కర్లేదు, ఒకే ఫిర్యాదులో కలిసి చేరవచ్చని 2021 డిసెంబరులో బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘వివాదాలన్నీ మధ్యవర్తి ముందుకే’ అని షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదు, 2018 ఎమార్ ఎంజీఎఫ్ తీర్పు అది. హోటల్‌నూ, బుకింగ్ వేదికనూ, మధ్యలో టూర్ ఏజెంటు ఉంటే అతణ్నీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకరి మీదికొకరు నెట్టుకోకుండా ఉంటారు.

కేసుకు ముందు 1915 జాతీయ హెల్ప్‌లైన్‌కు చెప్పి చూడండి, చిన్న మొత్తాలు అక్కడే తేలిపోవచ్చు. ఆ తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చెడిన గది ఫోటోలు, కారిన కొళాయి వీడియో, అక్కడి మేనేజరుకు అప్పటికప్పుడే పంపిన సందేశం జతచేయండి. వెళ్లేటప్పుడు నవ్వుతూ సంతకం పెట్టేసి, ఇంటికొచ్చాక కేసు వేస్తే హోటల్ వకీలు ఆ సంతకాన్నే చూపిస్తాడు. అసంతృప్తి ఉంటే బిల్లు మీదే ఒక లైను రాసి సంతకం పెట్టండి. ఫోన్ సాక్ష్యానికి 2023 భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 ధ్రువపత్రం అవసరం కావచ్చు, అందుకని సంభాషణ ఉన్న ఫోన్‌ను మార్చినా పాతదాన్ని పారేయకండి.

వకీలు కావాలంటే ఖర్చుకు భయపడి వెనక్కి తగ్గకండి. 1987 న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. వర్క్‌షాపులో పనిచేసే కార్మికులూ, ఇంట్లోని ఆడవాళ్లూ ఈ వరుసలో ఉన్నవారే. నంబరు 15100. ఫిర్యాదు గడువు మాత్రం మరిచిపోకండి: సంఘటన జరిగిన నాటినుంచి రెండేళ్లు.